విండోస్ పోకుండా పక్కనే ఉబుంటు: డ్యూయల్ బూట్ సేఫ్‌గా ఇలా

"అన్నా, ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. విండోస్ ఉండాలి, లినక్స్ కూడా నేర్చుకోవాలి" అని చాలామంది అడుగుతున్నారు. చేయొచ్చు. కానీ ఒక్క తప్పు బటన్ నొక్కితే ప్రాజెక్ట్ ఫైల్స్, ఫోటోలు అన్నీ పోతాయి. అందుకే వరసగా వెళ్దాం.

ఒకటి, బ్యాకప్. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోనో క్లౌడ్‌లోనో పెట్టండి. అదే ల్యాప్‌టాప్‌లో డి డ్రైవ్‌లో పెడితే బ్యాకప్ కాదు. లోపల డిస్క్ ఒకటే కదా!

రెండు, బిట్‌లాకర్. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలాసార్లు మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగ్స్ మారితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసి కాగితం మీద రాసుకోండి. తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి.

మూడు, స్థలం. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్ కొట్టండి. 50 జీబీ చాలు. వచ్చిన ఖాళీని ఫార్మాట్ చేయకుండా అలాగే వదిలేయండి.

నాలుగు, ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవ్వదు. అప్పుడు ఉబుంటు నుంచి ఆ డ్రైవ్‌లో రాస్తే ఫైల్స్ పాడవ్వొచ్చు.

ఇక పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్. "ఎరేజ్ డిస్క్" అసలు ముట్టుకోవద్దు. విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేసే "అలాంగ్‌సైడ్" ఆప్షన్ తీసుకోండి. అది కనిపించకపోతే గుడ్డిగా నెక్స్ట్ కొట్టకుండా బయటికి వచ్చేయండి. అక్కడిదాకా డిస్క్ మీద ఏమీ మారదు.

తర్వాత విండోస్‌లో టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తే కంగారొద్దు. మదర్‌బోర్డ్ గడియారాన్ని ఉబుంటు యూటీసీగా, విండోస్ మన లోకల్ టైమ్‌గా చదువుతాయి, అంతే. దాన్ని సరిచేయడం నెక్స్ట్ వీడియోలో చూద్దాం. బై!