నరానికి రంగువేసే యంత్రం

మా అమ్మకు డెబ్బైరెండేళ్లు. ఉబ్బసం మనిషి. మొన్న కార్తికంలో తులసికోట దగ్గర కాలుజారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆపరేషను తప్పదన్నారు. ఒళ్లు తెలియకుండా మత్తిస్తే ఆమె ఊపిరి మాటేమిటని ఇంటిల్లిపాదికీ దిగులు పట్టుకుంది.

మత్తుడాక్టరుగారు చిన్నవయసు అమ్మాయే. నింపాదిగా, "మామ్మగారిని నిద్రపుచ్చం. చేతిని మాత్రం నిద్రపుచ్చుతాం" అన్నది.

అదెలాగంటారా? చేతికి వెళ్లే ముఖ్యమైన నరాలు చంకలో ఒక పెద్ద రక్తనాళం చుట్టూ ఉంటాయి. వాటి పక్కన మందు పోస్తే చెయ్యి మొద్దుబారుతుంది. ఊపిరి జోలికి పోనక్కరలేదు.

ఈ విద్య పాతదే. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే వైద్యుడు కొకేన్ చుక్కలతో కంటిని మొద్దుబరచవచ్చునని చూపాడు. 1911లో జర్మనీలో చర్మంమీదనుంచే సూది గుచ్చి చేతి నరాలకు మత్తిచ్చారు. కాని అది గుడ్డిసూది. ఎముక గుర్తు, నాడి కొట్టుకోవడం, "చెయ్యి జివ్వుమంది" అన్న రోగి మాట, ఇవే డాక్టరుకు ఆనవాళ్లు. 1994లో మళ్లీ వియన్నా డాక్టర్లే అల్ట్రాసౌండ్ తెరమీద చూస్తూ చేతి నరాల దగ్గరికి సూదిని నడిపిన వైనం ప్రకటించారు. సూదికి కళ్లొచ్చాయి.

తరువాత ఆ డాక్టరమ్మ నాకు అలాంటి తెరబొమ్మ చూపించింది. నాకు శ్రావణమాసపు మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. ఆమె నవ్వి, "తెలుగు మాస్టారు కదా, తాళపత్రం చదవడంలాంటిదే ఇదీ. చూడగా చూడగా అక్షరం పోలుతుంది" అన్నది.

ఆ చూపు అలవడడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా పొరపడితే? సూది నరంలోకే దిగితే చెయ్యి చచ్చుబడవచ్చు. మందు రక్తంలో కలిస్తే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు.

ఇక్కడే కృత్రిమ మేధ అక్కరకొస్తున్నది. నిపుణులు గీతగీసి గుర్తుపెట్టిన వేలాది తెరబొమ్మలు చూపి యంత్రానికి నరాల ఆనవాలు నేర్పుతారు. ఆ తరువాత కొత్త రోగిమీద స్కానింగు పెట్టగానే నరానికి ఒక రంగు, రక్తనాళానికి ఒక రంగు అప్పటికప్పుడే వేసి చూపిస్తుంది. బ్రిటనులో తయారైన స్కాన్‌నావ్ అనే ఇలాంటి సాధనానికి 2022లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ అనుమతిలో ఒక హద్దున్నది: సూది గుచ్చకముందు ఆనవాలు పట్టడానికే అది. గుచ్చిన తరువాత బాధ్యత అంతా డాక్టరుదే.

హద్దు మంచిదే. లావుపాటి ఒళ్లు, పాత ఆపరేషను మచ్చలు ఉన్నచోట తెరే మసకబారుతుంది. యంత్రం మసకలోనూ నిబ్బరంగా తప్పురంగు వేయగలదు. రంగు కనబడితే నమ్మబుద్ధి అవుతుంది. టీకాను నమ్మి పద్యం చదవని విద్యార్థులను నేనెరుగుదును. అయినా, పక్కన పెద్దడాక్టరు లేని చిన్న ఊళ్లో కుర్రడాక్టరుకు అది మంచి తోడే.

"మరి మా అమ్మకో?" అన్నాను.

"మా ఆసుపత్రికి ఆ యంత్రం ఇంకా రాలేదండీ. నా కళ్లే" అన్నది.

నన్ను లోపలికి పిలిచేసరికి అమ్మ తన చేతిని వింతగా చూస్తూ, "ఎవరిదిరా ఈ చెయ్యి, నా పక్కన పెట్టారు? ఇంతకీ కోసేదెప్పుడు?" అంటున్నది.

అప్పటికే కట్టు కట్టేశారు.