అమెరికా: పన్ను కట్టకపోతే వెండి గనైనా వేలమే.. కొనేవాళ్లు ఇది చూసుకోండి!

అమెరికా కౌంటీల వేలం జాబితాల్లో ఇళ్లు, ప్లాట్ల పక్కనే అప్పుడప్పుడు పాత గనుల స్థలాలూ కనిపిస్తుంటాయి. గని కౌంటీ చేతికి ఎలా వచ్చింది?

1872 నాటి మైనింగ్ చట్టం ప్రకారం ఫెడరల్ భూమిలో ఖనిజం కనిపెట్టినవాళ్లు, రాతి గని అయితే ఎకరాకు 5 డాలర్లు కట్టి పేటెంట్ తీసుకునేవాళ్లు. దాంతో ఆ నేల వాళ్ల సొంతం. ఒక్కో క్లెయిమ్ గరిష్ఠంగా 1500 అడుగుల పొడవు, 600 అడుగుల వెడల్పు.. అంటే 20 ఎకరాల పైచిలుకు. 1994 నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. సొంతమైంది కాబట్టి ఏటా ఆస్తి పన్ను కట్టాల్సిందే. గని మూతపడుతుంది, యజమాని పోతాడు, వారసులు తలో ఊరూ చేరతారు. బిల్లు అలా పడి ఉంటుంది.

ఐడహో రాష్ట్రంలో అయితే మూడేళ్లు బకాయి ఉంటే, నోటీసులు ఇచ్చి కౌంటీ తన పేరున టాక్స్ డీడ్ రాయించుకుంటుంది. ఆ తర్వాత ప్రకటన వేసి బహిరంగ వేలం. మన దగ్గర రెవెన్యూ రికవరీ చట్టం కింద జరిగే వేలం లాంటిదే. పేటెంట్ లేని క్లెయిమ్ అయితే నేల ఫెడరల్ ప్రభుత్వానిదే, దాన్ని కౌంటీ అమ్మలేదు.

అసలు చిక్కు ఇక్కడే. కౌంటీలు సాధారణంగా ఇచ్చేది క్విట్‌క్లెయిమ్ డీడ్. 'మాకున్న హక్కు ఎంతో అంతే మీకు' అని అర్థం. దారి ఉందా, హద్దులేవి, కింది ఖనిజం వేరొకరికి ఎప్పుడో అమ్మేశారా? అన్నీ మీరే తేల్చుకోవాలి.

ఇంకా పెద్దది కాలుష్యం. ఐడహోలోని షోషోన్ కౌంటీ వెండికి పెట్టింది పేరు. అక్కడి బంకర్ హిల్ 1983లో సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది, కారణం సీసం. పన్ను బకాయితో భూమి చేతికొచ్చిన స్థానిక ప్రభుత్వానికి సూపర్‌ఫండ్ చట్టం మినహాయింపు ఇస్తుంది. కొన్నవాళ్లకు ఆ రక్షణ దానంతట అది రాదు. కొనకముందే నిబంధనల ప్రకారం పర్యావరణ పరిశీలన చేయించుకోవాలి. లేదంటే శుభ్రం చేసే ఖర్చు మెడకు చుట్టుకోవచ్చు. చవగ్గా వచ్చిందని ముందు వేలం పాడేసి, తర్వాత లాయర్ దగ్గరికి పరుగెత్తితే లాభం లేదు.

మరి బకాయి కంటే ఎక్కువ డబ్బు వస్తే? మిన్నెసోటాలోని హెన్నెపిన్ కౌంటీ సుమారు 15 వేల డాలర్ల బాకీకి ఓ వృద్ధురాలి ఫ్లాట్‌ను 40 వేలకు అమ్మి, మిగిలిన 25 వేలూ ఉంచేసుకుంది. అది రాజ్యాంగ విరుద్ధమని 2023 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. గని వేలానికీ ఆ సూత్రమే వర్తిస్తుంది.