గేర్‌బాక్స్ విప్పే ముందు ఆ సప్పుడు సంగతి తేల్చండి

పాత ఫోర్ బై ఫోర్ పికప్ కింద నుంచి మోత వస్తోందని షెడ్డుకి తీసుకెళ్తే మొదట వినపడే మాట 'గేర్‌బాక్స్ దించాలి'. తర్వాత వినపడేది బిల్లు. మా బండికి హైదరాబాద్‌లో ఒక షెడ్డు వాళ్లు 45 వేలు చెప్పారు. బండి కిందకి ఒక్కసారి కూడా తొంగి చూడకుండా, గల్లీలో ఒక రౌండ్ తిప్పి చెప్పిన లెక్క అది.

మా బండి అంటే బాపుది. 2010 మోడల్ డబుల్ క్యాబ్, 4 సిలిండర్ల డీజిల్, లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు. ఇచ్చోడ దగ్గర మా చేలన్నీ నల్లరేగడి. వానాకాలంలో మామూలు బండి అందులో దిగబడితే ట్రాక్టర్ పెట్టి లాగాల్సిందే. అందుకే రెండేళ్ల కిందట పత్తి డబ్బులతో ఈ బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. మొన్న దసరాకి ఇంటికెళ్తే, "సప్పుడు ఎక్కువైంది రా, జర చూడు" అన్నాడు. లోడుతో 60 దాటితే సీటు కింద ఒకటే వణుకు, దాంతోపాటు గుర్రుమనే మోత. ఆ బండితోనే ఆయన నిర్మల్ ఘాట్ ఎక్కి దిగుతాడు. వంపులో జాయింట్ షాఫ్ట్ ఊడి కిందపడితే ఏమవుతుందో ఆలోచించడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. అందుకే 45 వేలు పెట్టడానికి నేను వెనకాడలేదు. కానీ ఆ డబ్బు పెట్టాక కూడా వణుకు అలాగే ఉంటే? అదీ నా భయం.

రోజూ ఆఫీసులో మేం చేసేది ఇదే కదా. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే అన్నీ ఒకేసారి మార్చం. ఒక్కటి మార్చి, మిగతావి అలాగే ఉంచి, ఏం తేడా వచ్చిందో చూస్తాం. బండికీ అదే పద్ధతి.

ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి. రోడ్డు మారినప్పుడు, అంటే తారు నుంచి సిమెంటు మీదకి వెళ్లినప్పుడు మోత మారిపోతే అది చాలావరకు టైర్లది. స్టీరింగ్ ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడివైపు వీల్ బేరింగ్‌ని అనుమానించాలి. కుడికి తిప్పితే దానికి ఉల్టా. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఈల వేసి, వదలగానే ఆగినా, లేదా వదిలినప్పుడే మొదలైనా, హౌసింగ్‌లోని క్రౌన్ పినియన్ వైపు చూడాలి. బండి కదిలేటప్పుడు 'టక్' మంటే క్రాసులు లూజ్ అయ్యుండొచ్చు. ఇక ఆరిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి, మలుపులో బండి పట్టేసినట్టుందని కంగారు పడొద్దు. ఇలాంటి పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ బండ్లలో ముందు, వెనక షాఫ్ట్‌లు ఒకే వేగంతో తిరుగుతాయి, కానీ మలుపులో చక్రాలు తిరగాల్సిన దూరాలు వేరు. అది రిపేర్ కాదు, తారు మీద వేయకూడదంతే.

మా బండి రోడ్డు మారినా మారలేదు, స్టీరింగ్ తిప్పినా మారలేదు. 60 దగ్గర మాత్రం కచ్చితంగా వణుకుతోంది.

అప్పుడు ఫోన్ బయటికి తీశాను. ఫైఫాక్స్ అని జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఉచిత యాప్ ఉంది. ఫోన్‌లోని యాక్సెలరోమీటర్‌తో వణుకుని కొలిచి, సెకనుకి ఎన్నిసార్లు వణుకుతోందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. ఫోన్‌ని సీట్ల మధ్య గట్టిగా టేపు వేసి అంటించాను. తమ్ముడు స్టీరింగ్ పట్టాడు, నేను లెక్క పట్టాను.

ఆ లెక్క ఏంటంటే, మా టైర్ సైజు 245/75 ఆర్ 16. చుట్టుకొలత సుమారు 2.43 మీటర్లు. 60 వేగంలో బండి సెకనుకి 16.7 మీటర్లు పోతుంది, అంటే చక్రం సెకనుకి దాదాపు 7 సార్లు తిరుగుతుంది. హౌసింగ్ రేషియో దాదాపు 4 కాబట్టి జాయింట్ షాఫ్ట్ 27 సార్లు పైనే తిరుగుతుంది. క్రాస్‌లో తేడా ఉంటే షాఫ్ట్ ఒక చుట్టుకి రెండుసార్లు కుదుపుతుంది. అంటే 55 దగ్గర గీత లేవాలి.

నాలుగో గేర్‌లో సరిగ్గా 55 దగ్గరే లేచింది. తమ్ముడు "దొరికింది!" అన్నాడు. అప్పుడే కాదు. నాలుగో గేర్ డైరెక్ట్ గేర్, అందులో ఇంజిన్, షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి. 4 సిలిండర్ల ఇంజిన్ కూడా చుట్టుకి రెండుసార్లే పేలుతుంది. కాబట్టి ఇంజిన్ గీత కూడా అక్కడే పడుతుంది. దొంగలిద్దరూ ఒకే రంగు చొక్కా వేసుకున్నట్టు. అదే 60 వేగంలో అయిదో గేర్ వేయించాను. గీత రెండుగా చీలింది. ఒకటి 44 దగ్గరికి దిగింది, అది ఇంజిన్. పెద్దది 55 దగ్గరే నిలబడింది. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి న్యూట్రల్ చేసినా అది కదల్లేదు. (ఇంజిన్ మాత్రం ఎప్పుడూ ఆపొద్దు, స్టీరింగ్, బ్రేకు రెండూ బరువెక్కిపోతాయి.) తేడా గేర్‌బాక్స్ తర్వాతే ఉందని తేలిపోయింది.

నిర్మల్‌లో బాపుకి తెలిసిన ఉస్తాద్ దగ్గరికి వెళ్లాం. ఆయన గ్రాఫ్ వైపు చూడనే లేదు. బండిని గుంత మీదకి ఎక్కించి, కిందకి దిగి, షాఫ్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని తిప్పాడు. "గేర్‌బాక్స్‌కు ఏం కాలే తమ్మీ. క్రాసులు ఎండిపోయినయ్, సూడు" అని వేలితో క్రాస్ కప్పు చుట్టూ తుడిచి చూపించాడు. ఎర్రటి తుప్పు పొడి. గ్రీజు అయిపోయి సూది బేరింగులు ఒకదాన్నొకటి తింటుంటే వచ్చేది అదే. నేను అరగంట లెక్కేసి చెప్పింది ఆయన పది సెకన్లలో చెప్పాడు. కొంచెం కుళ్లుగా కూడా అనిపించింది.

కానీ క్రాసులు ఎందుకు అంత తొందరగా పోయాయి? రెండేళ్లలో బాపు వాటిని ఒకసారి మార్పించాడు కూడా. జవాబు వెనక కమాన్ల దగ్గర దొరికింది. బండి ఎత్తుగా కనబడాలని పాత ఓనర్ ఎవరో యాక్సిల్‌కీ కమాన్లకీ మధ్య రెండంగుళాల ఇనప దిమ్మలు పెట్టించాడు. ఆ దిమ్మలు ఒకవైపు మందంగా, ఒకవైపు సన్నగా ఉంటాయి, హౌసింగ్ మూతి సరైన వాటంలో ఉండటానికి. ఇక్కడ వాటిని తిరగేసి బిగించారు. ఫోన్‌లోని లెవెల్ యాప్ పెట్టి కొలిచాను. గేర్‌బాక్స్ వైపు 3 డిగ్రీల వాలు, షాఫ్ట్ వెనక ముక్క 7 డిగ్రీలు, హౌసింగ్ మూతి సున్నా. అంటే ముందు క్రాస్ దగ్గర వంపు 4, వెనక క్రాస్ దగ్గర 7.

వంగి తిరిగే క్రాస్ ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు నెమ్మదిస్తుంది. ముందు క్రాస్ చేసిన అల్లరిని వెనక క్రాస్ సరిదిద్దాలంటే రెండు వంపులూ సమానంగా ఉండాలి. 3 డిగ్రీల తేడాతో మిగిలేది అర శాతం ఎచ్చుతగ్గే. వినడానికి చిన్నదే, కానీ సెకనుకి 55 సార్లు ఆ కుదుపు తగిలితే ఏ క్రాసూ ఎక్కువ రోజులు బతకదు. కొత్త క్రాసులు వేసుకుని వెళ్లిపోతే ఏడాదిలో మళ్లీ అదే గుంత మీద ఉండేవాళ్లం.

ఇక్కడ ఇంట్లో గొడవ మొదలైంది. దిమ్మల్ని తీసేద్దామని నేను, తిప్పి బిగిద్దామని తమ్ముడు. "అన్నా, కిందికి దించితే లుక్ పోతది" అని వాడి బాధ. పైగా 265/75 టైర్లు వేయాలని ప్లాన్ కూడా పెట్టుకున్నాడు. ఆ టైర్ వేస్తే మీటర్ 100 చూపించినప్పుడు బండి దాదాపు 104 పోతుంది. ఎత్తు పెరిగితే లోడుతో వంపుల్లో ఊగిసలాట పెరుగుతుంది. చట్టం మాట వేరే. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. రీల్స్‌లో లిఫ్ట్ చేసిన బండ్లు చూపించేవాళ్లు ఈ ముక్క చెప్పరు. బాపు ఒకటే అడిగాడు, "ఎత్తు ఉంటే పత్తి ఎక్కువ పడతదా?" పట్టదు. దిమ్మలు దిగిపోయాయి.

క్రాసులు, దిమ్మలు తీసినందుకు చిన్న యూ బోల్టులు, కూలీ, అన్నీ కలిపి ఏడు వేల లోపే అయింది. ఒకే ఒక్క మార్పు మాత్రం తమ్ముడి కోసం కాదు, వాగుల కోసం చేయించాను. వెనక హౌసింగ్ మీద గాలి వదిలే చిన్న బ్రీదర్ ఉంటుంది. రోడ్డు మీద పరిగెత్తి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా వాగు నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ నుంచో సీలు నుంచో నీళ్లని పీల్చుకుంటుంది. ఆయిల్ పాలలా తెల్లబడుతుంది, పినియన్ బేరింగులు పోతాయి. బ్రీదర్‌కి ఒక రబ్బర్ పైపు తగిలించి ట్రాలీ ఎత్తుదాకా లాగితే నీళ్లకి బదులు గాలి పీలుస్తుంది. ఖర్చు 300. పెద్ద టైర్ల కంటే మా ఊరికి ఇదే పెద్ద మోడిఫికేషన్. తమ్ముడికి మాత్రం పాత సైజులోనే లోతైన గాడులున్న టైర్లు వచ్చే సీజన్‌కి ఒప్పుకున్నాం.

మళ్లీ 60 మీద నడిపి చూస్తే 55 దగ్గర గీత వెతుక్కోవాల్సి వచ్చింది. అయితే వణుకు పోయాక, అంతవరకు దాని వెనక దాక్కున్న సన్నటి ఈల ఒకటి బయటపడింది. 50 దగ్గర యాక్సిలరేటర్ వదిలితే వస్తోంది, అంటే పినియన్. హౌసింగ్ ఆయిల్ దించితే డ్రెయిన్ బోల్ట్ అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద పట్టి ఉంది. ముద్ద అయితే మామూలు అరుగుదల, ఇనప రేకులు దొరికితే ప్రమాదం. రేకులు లేవు. ఉస్తాద్ కొత్త ఆయిల్ పోసి, "పత్తి ఏరుడు అయినంక ఒకసారి పట్కరా, మల్ల ఇప్పి సూద్దం" అన్నాడు. కిలోమీటర్ల అంకె చాక్‌పీస్‌తో డోర్ లోపల రాసుకున్నాం.