పిట్ట పేగులో చెరువు కబురు

చెరువు గట్టున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను చూపించి, "ఇది ఆరోగ్యంగా ఉందా, లేదా?" అని ఎవరైనా అడిగితే మీరేం చెబుతారు? ఈకలు తెల్లగా మెరుస్తున్నాయి, చేపలు పడుతోంది, హాయిగా ఎగురుతోంది. కాబట్టి బాగానే ఉందంటారు. ఆ కొంగ పేగులో నాలుగైదు రకాల పురుగులున్నాయని తెలిస్తే? "అయ్యో, జబ్బు చేసిందే!" అంటారు.

తొందరపడకండి. స్వేచ్ఛగా తిరిగే పక్షుల పేగుల్లో పురుగులుండటం చాలా మామూలు సంగతి. మరో ప్రాణి ఒంట్లో చేరి, దాని తిండి మీద బతికే ఇలాంటి వాటిని పరాన్నజీవులంటారు. చోటిచ్చిన ప్రాణిని ఆతిథేయి అంటారు. అతిథి మితంగా తింటే ఆతిథేయికి పెద్ద ఇబ్బంది ఉండదు. ఇల్లు కూలితే అతిథికీ నీడ పోతుంది కదా!

అందువల్ల పురుగు ఉందా, లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏ రకం పురుగు, ఎంత సంఖ్యలో ఉంది, ఏ దారిన వచ్చింది? ఇవీ అడగవలసిన ప్రశ్నలు. వీటికి జవాబు దొరికితే పక్షి సంగతే కాదు, అది తిరిగే నేల సంగతి, నీటి సంగతి కూడా తెలుస్తాయి.

ఒక పేట, మూడు లోకాలు

హైదరాబాదులో టోలిచౌకి అనే పేట ఉంది. దానికి ఒక వైపు గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు. మరో వైపు సినిమావాళ్ళ ఫిల్మ్ నగర్, జూబిలీ హిల్స్ గుట్టలు. ఈ కాస్త మేరలోనే పక్షులకు మూడు వేరువేరు లోకాలున్నాయి. మొదటిది కోట దాపున ఉన్న షా హాతిం చెరువు వంటి నీటి తావులు. అక్కడ కొంగలు చేపలనూ కప్పలనూ నత్తలనూ వెతుక్కుంటాయి. రెండోది జూబిలీ హిల్స్‌లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి వనం. అక్కడ నెమళ్ళు ఆకులు గీరి చీమలనూ పురుగులనూ ఏరుకుంటాయి. మూడోది మనుషులు కట్టుకున్న మేడలూ బజార్లూ. అక్కడ పావురాలు ఎవరో చల్లిన గింజల కోసం గుంపులుగా వాలతాయి.

తిండి వేరైతే పేగులో చేరే పురుగు కూడా వేరవుతుంది. ఎందుకంటే చాలా పురుగులు తిండితోపాటే లోపలికి పోతాయి. అవి వచ్చే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి దగ్గరి దారి, రెండోది చుట్టుదారి.

దగ్గరి దారి

పావురం పేగులో ఉండే గుండ్రటి పురుగు సంగతి చూడండి. అది పెట్టిన గుడ్లు రెట్టతోపాటు నేలమీద పడతాయి. తడీ వెచ్చదనమూ ఉంటే సుమారు రెండు వారాల్లో గుడ్డు లోపల పిల్లపురుగు తయారవుతుంది. ఆ గుడ్డు గింజకు అంటుకుని మరో పావురం కడుపులోకి పోయిందా, కథ మళ్ళీ మొదలు. కాక్సిడియా అనే ఏకకణజీవుల దారి కూడా ఇంతే, కాకపోతే ఇంకా చురుకు. రెట్టతో బయటపడ్డ వాటి గట్టి గుళికలు ఒకటి రెండు రోజుల్లోనే అంటించే శక్తి తెచ్చుకుంటాయి. పేగు గోడలోని కణాల్లో దూరి, ఒకటి వేలుగా పెరుగుతాయి.

ఈ దారిలో మధ్యవర్తి ఎవరూ లేరు. పక్షి నుంచి నేలకు, నేల నుంచి పక్షికి, అంతే. కాబట్టి ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనది రద్దీ. పది పావురాలు పది ఎకరాల చేలో తిరిగితే ఒకదాని రెట్ట మరొకదాని ముక్కుకు తగలడం అరుదు. అదే నూరు పావురాలు రోజూ ఒకే గచ్చుమీద, ఒకే మూల గింజలు తింటే? ప్రతి గింజా రెట్టలో దొర్లిన గింజే.

రద్దీ ఎంత పని చేస్తుందో బ్రిటన్‌లో ఒక పక్షి చూపించింది. అక్కడి పొదల మైదానాల్లో ఎర్ర గ్రౌస్ అనే కోడిజాతి పక్షి ఉంది. కొన్నేళ్ళపాటు దాని సంఖ్య పెరుగుతూ పోయి, ఉన్నట్టుండి కుప్పకూలేది. కారణం కనుక్కోవడానికి ఒక సంఘాన్ని వేశారు. తర్వాత కెప్టెన్ స్కాట్‌తో దక్షిణ ధ్రువానికి వెళ్ళి, 1912లో తిరుగు దారిలో మరణించిన డాక్టర్ ఎడ్వర్డ్ విల్సన్ కూడా ఆ పరిశోధనలో పనిచేశాడు. సంఘం 1911లో నివేదిక ఇస్తూ, పేగులో ఉండే సన్నటి దారంలాంటి పురుగును వేలెత్తి చూపింది. ఒక్కో పక్షిలో ఆ పురుగులు వేలకొద్దీ ఉండేవి.

మరి ఈ పురుగే కారణమని రుజువేమిటి? పీటర్ హడ్సన్, ఆండ్రూ డాబ్సన్, డేవ్ న్యూబోర్న్ అనే శాస్త్రజ్ఞులు గ్రౌస్‌లను పట్టి, వాటికి పురుగుల మందు పట్టించి వదిలారు. 1998లో ఫలితాలు ప్రకటించారు. మందు పట్టించిన చోట్ల పక్షుల సంఖ్య కూలడం ఆగిపోయింది, లేదా బాగా తగ్గింది. తక్కువ పక్షులున్నప్పుడు పెద్ద హాని చేయని పురుగే, పక్షులు కిక్కిరిసినప్పుడు గుంపు మొత్తాన్ని కూలదోసిందన్నమాట.

చుట్టుదారి

ఇక కొంగ పేగులోని చదును పురుగుల ప్రయాణం వినండి. మేకలకూ గొర్రెలకూ వచ్చే కార్జపు జలగకు ఇవి దగ్గరి చుట్టాలు. వీటి గుడ్డు రెట్టతో చెరువులో పడాలి. గుడ్డు పగిలి, ఒంటినిండా నూగున్న పిల్ల బయటికి రావాలి. అది కొద్ది గంటల్లోనే తనకు సరిపడే నత్తను వెతికి పట్టుకోవాలి. లేకపోతే చావే. నత్త ఒంట్లో ఆ ఒక్కటీ వందలూ వేలూ అయి, చిన్న తోకకప్పల్లాంటి రూపంతో మళ్ళీ నీటిలోకి వస్తుంది. అవి చేపలోనో కప్పలోనో చేరి గూడు కట్టుకుంటాయి. ఆ చేపను కొంగ తింటేనే ప్రయాణం పూర్తి.

బద్దె పురుగులకూ ఇలాంటి మధ్యవర్తులు కావాలి. కోడిజాతి పక్షుల్లో ఉండే కొన్ని బద్దె పురుగుల పిల్లలు చీమల్లోనూ పేడపురుగుల్లోనూ పెరుగుతాయి.

ఇప్పుడు కాస్త ఆలోచించండి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగితే ఏమవుతుంది? విషపు నీరు చేరి నత్తలు చచ్చాయనుకుందాం. చేపలు పోయాయనుకుందాం. చెరువును పూడ్చితే కొంగలు రావడం మానేశాయనుకుందాం. ఏది జరిగినా చదును పురుగు వంశం అక్కడితో సరి. అందుచేత ఒక చెరువులో రకరకాల చదును పురుగులు కొద్దికొద్దిగా ఉన్నాయంటే, అక్కడ నత్తా చేపా కప్పా కొంగా అన్నీ ఉన్నాయని అర్థం.

ఇది ఊహ కాదు. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన కార్పింటీరియా అనే ఉప్పునీటి చిత్తడి నేల ఉంది. పాడైన దానిలో కొంత భాగాన్ని 1997లో బాగుచేశారు. హస్పెనీ, లాఫర్టీ అనే శాస్త్రజ్ఞులు అక్కడి నత్తల్లో చదును పురుగుల పిల్లలను కొన్నేళ్ళపాటు లెక్కపెట్టి, 2004లో ఫలితాలు ప్రకటించారు. చిత్తడి నేల బాగుపడిన కొద్దీ పురుగులు పెరిగాయి. ఎందుకు? పక్షులు తిరిగి వచ్చాయి కనుక!

అలాగని పురుగులు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోకూడదు. మురుగు చేరి నాచు విపరీతంగా పెరిగితే, దాన్ని మేసే నత్తలూ పెరుగుతాయి. అప్పుడు ఒకటి రెండు రకాల చదును పురుగులే పెచ్చుమీరవచ్చు. పలు రకాలు మితంగా ఉంటే శుభవార్త, ఒకే రకం ముంచెత్తితే హెచ్చరిక.

కోడిగుడ్డు నేర్పే పాఠం

ఈ కబురు చదవడానికి పక్షిని చంపనక్కరలేదు. రెట్ట చాలు. అందులోని గుడ్లను పట్టే కిటుకు మీ వంటింట్లోనే తెలుసుకోవచ్చు. గ్లాసెడు మంచినీళ్ళలో తాజా కోడిగుడ్డు వేయండి. మునుగుతుంది. గుడ్డు తీసి, నీళ్ళలో ఉప్పు కలుపుతూ పోయి మళ్ళీ వేయండి. తేలుతుంది. ఉప్పునీటి సాంద్రత గుడ్డు సాంద్రతను మించిందన్నమాట.

ప్రయోగశాలలో కొద్దిగా రెట్టను చిక్కటి ఉప్పునీటిలో కలిపి వడకడతారు. గుండ్రటి పురుగుల గుడ్లు, కాక్సిడియా గుళికలు పైకి తేలతాయి. చదును పురుగుల గుడ్లు బరువైనవి కాబట్టి తేలవు. వాటికోసం వేరే రెట్టను మామూలు నీటిలో కలిపి, అడుగున పేరిన మడ్డిని చూడాలి. తేలిన గుడ్లను లెక్కించడానికి గళ్ళు గీసిన గాజుపలకను వాడతారు. దీన్ని 1939లో ఆస్ట్రేలియాలో గార్డన్, విట్లాక్ అనేవారు గొర్రె పెంటికల పరీక్ష కోసం రూపొందించారు. గ్రాముకు ఎన్ని గుడ్లో దీనితో తెలుస్తుంది. అయితే మగ పురుగులూ పిల్లపురుగులూ గుడ్లు పెట్టవు. కనుక గుడ్ల లెక్క పురుగుల లెక్కకు సూచన మాత్రమే.

మనకేమిటి సంబంధం?

పక్షుల పేగు పురుగుల్లో చాలావరకు మన ఒంట్లో బతకలేవు. కానీ కొన్ని పొరపాటున మన తలుపు తడతాయి. నీటిపక్షుల నెత్తుటి నాళాల్లో ఉండే ఒక చదును పురుగు పిల్లలు, చెరువులో ఈదేవాళ్ళ చర్మంలోకి దూరి, అక్కడే చచ్చి, దద్దుర్లు పుట్టిస్తాయి. విలియం కోర్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1928లో అమెరికాలో ఈ దురదకు కారణం కనుక్కున్నాడు.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. పక్షుల పరాన్నజీవులు మన జబ్బుల దారిని చూపిస్తాయి. టోలిచౌకికి అట్టే దూరం లేని బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అది దోమ నుంచి మరో ప్రాణికి ఎలా చేరుతుందో 1898లో కలకత్తాలో పిచ్చుకల మీద చేసిన ప్రయోగాల వల్లనే ఆయనకు తేలింది. ఆ కృషికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

పేగు పురుగుల విషయమూ అంతే. మనుషులకు వచ్చే ఏలికపాము దారి, పావురపు గుండ్రటి పురుగు దారి ఒకటే. మలం, మట్టి, నోరు. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మీ కడుపులోని పురుగును చంపుతుంది. మట్టిలోని గుడ్డును చంపదు. ఆ గుడ్డు ఏళ్ళ తరబడి ఉండగలదు.

2020 అక్టోబరులో కుండపోత వానకు షా హాతిం చెరువు పొంగి టోలిచౌకిలోని నదీమ్ కాలనీ రోజుల తరబడి నీట మునిగింది. జనాన్ని పడవల్లో తరలించారు. చెరువు స్థలం కుదించుకుపోతే నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. మురుగును కలుపుకుని వస్తాయి. దగ్గరి దారి పురుగులకు కావలసిన తడి, మలినం, రద్దీ, ఈ మూడూ అప్పుడు మన గడపలోనే కూడతాయి. కొంగకు చెరువు లేకుండా పోయిన చోట, మన ఆరోగ్యానికీ అడ్డుగోడ లేకుండా పోయిందన్నమాట.

మీరేం చేయవచ్చు? పక్షులకు నీళ్ళు పెడితే గిన్నెను రోజూ కడగండి. గింజలను ఒకే చోట గుట్టగా పోయకండి. ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకండి, అది ఊపిరితిత్తులకు చేటు. తడిపి తీయాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇక మీ ఊరి చెరువు గట్టుకు వెళ్ళినప్పుడు నీటిలోకి దిగకుండానే ఒక పట్టిక రాయండి. ఎన్ని రకాల పక్షులు, ఎన్ని రకాల నత్తగుల్లలు, కప్పలు ఉన్నాయా, చేపలు ఎగురుతున్నాయా? వచ్చే ఏడు అదే నెలలో మళ్ళీ రాసి, రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూడండి.