వరద కంటే ముందు నడవవలసిన దారి

పాలారు నది కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, చిత్తూరు జిల్లాలో కుప్పం సీమ మీదుగా కొంత దూరం ప్రవహించి, తమిళనాడులో ప్రవేశిస్తుంది. వాణియంబాడి, ఆంబూరు, పళ్ళికొండ, వేలూరు దాటి వయలూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇందులో నీటికి బదులు ఇసుకే కనిపిస్తుంది. పిల్లలు అందులో ఆడుకొంటారు. పశువులు అడ్డంగా నడిచిపోతాయి. ఎండిన నదిని చూచి భయపడేవారు ఉండరు. కాబట్టి ఇళ్ళు క్రమంగా గట్టు దిగి ఏటి దగ్గరకు వస్తాయి.

1903 నవంబరులో ఎగువన మైసూరు సీమలో చెరువులు తెగి, పాలారు ఒక్కసారిగా పొంగింది. వాణియంబాడిలో సుమారు రెండు వందల మంది చనిపోయారు. వారి జ్ఞాపకార్థం నిలిపిన స్తంభం ఆ ఊరిలో ఉంది. తరువాత 118 ఏండ్లకు, 2021 నవంబరులో, మళ్ళీ అంతటి వరద వచ్చింది. మధ్యలో నాలుగు తరాలు గడిచాయి. తాత చూడని వరదను మనుమడు నమ్మడు గదా!

అదే నెలలో గుడియాత్తంలో మరొక నది పొంగింది. చిత్తూరు జిల్లా నుండి వచ్చే కౌండిన్య నది మోర్ధానా ఆనకట్ట నిండి పొర్లగా గుడియాత్తం వీధులలోకి వచ్చింది. పేర్ణాంబట్టులో వానకు నానిన గోడ కూలి, నలుగురు పిల్లలతో సహా తొమ్మిదిమంది మరణించారు. వరద నాడు ప్రాణం తీసేది నది ఒక్కటే కాదని దీనివల్ల తెలుస్తుంది. జనాన్ని ఇల్లు విడిపిస్తే చాలదు. వారిని చేర్చే ఇల్లు గట్టిదై ఉండాలి.

ప్రమాద సమయంలో ఒక ఊరివారు ఏ దారిన, ఎక్కడికి, ఎంతసేపటిలో వెళ్ళాలో ముందుగా నిర్ణయించుకొనడాన్నే తరలింపు ప్రణాళిక అంటారు. పళ్ళికొండను చూడండి. ఈ పేరు వినగానే తెలుగు పిల్లలకు కొండ గుర్తుకు వస్తుంది. కాని ఇది కొండ కాదు. తమిళంలో ‘పళ్ళికొండ’ అంటే పవళించిన అని అర్థం. అక్కడ పవళించి ఉన్న రంగనాథస్వామి వలన ఊరికి ఆ పేరు వచ్చింది. పేరును నమ్మి కొండ ఎక్కవచ్చు ననుకొంటే కుదరదు. నది ఊరికి ఉత్తరాన ఉంది. గుడియాత్తం వెళ్ళవలసినవారు ఆ నదిని దాటాలి. బెంగుళూరు–చెన్నై జాతీయ రహదారి చాలా దూరం నదికి తోడుగానే సాగుతుంది. రోజూ ఎంతో ఉపయోగపడే ఈ రెండు దారులూ వరద నాడు అంతగా నమ్మదగినవి కావు. మంచి దారి నదికి దూరంగా, మెరక వైపు పోవాలి. తక్కువ ఎత్తు వంతెనలనూ వాగులనూ దాటకూడదు. ఒకటి మునిగితే పనికి వచ్చేందుకు రెండవది కూడా ఉండాలి.

దారి కంటే కష్టమైనది కాలం లెక్క. ఏటి ఒడ్డున 3,000 మంది ఉన్న పేట ఒకటి ఉన్న దనుకొందాం. 2,000 మంది నడిచి పోగలరు. వృద్ధులు, పసిపిల్లలు, రోగులు కలిసి 1,000 మందికి బస్సు కావాలి. బస్సుకు 50 మంది చొప్పున 20 సార్లు తిరగాలి. ఎక్కించి, దింపి, తిరిగి రావడానికి 40 నిమిషాలు పడితే, నాలుగు బస్సులు ఒక్కొక్కటి ఐదుసార్లు తిరగడానికి 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. జనం మూట కట్టుకొని తలుపు వేయడానికి ఇంకొక గంట. మొత్తం 4 గంటల 20 నిమిషాలు. ఎగువ నుండి నీరు చేరడానికి ఆరు గంటల వ్యవధి ఉంటే అందరూ క్షేమంగా వెళ్ళగలరు. దండోరా వేయడంలో రెండు గంటలు ఆలస్యమైతే మిగిలేది నాలుగు గంటలే. చివరి 20 నిమిషాలవారు ఇంకా వీధిలోనే ఉంటారు. సాధారణంగా వారు ముసలివారూ, మంచం పట్టినవారూ అయి ఉంటారు. అందువల్ల బస్సు ముందుగా వారి గుమ్మానికే రావాలి.

ముందుగా కదిలించడం వలన కలిగే మేలు తెలుగునాట కళ్ళకు కట్టినట్లు తెలిసింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలాదిమందిని బలి తీసుకొంది. 1990 మే నెలలో అదే తీరాన్ని మరొక పెను తుఫాను తాకింది. ఈసారి ముందుగా హెచ్చరించి లక్షలాది ప్రజలను తరలించారు. నష్టం చాలా జరిగినా మరణాలు సుమారు వెయ్యికి పరిమితమయ్యాయి. తీరాన కట్టిన తుఫాను ఆశ్రయాలు కూడా అప్పుడు అక్కరకు వచ్చాయి.

అన్నీ సిద్ధంగా ఉన్నా కదలనివారు కొందరుంటారు. వారిని మూర్ఖులనడం సరికాదు. కొట్టంలో ఆవు ఉంది, పెట్టెలో పట్టా కాగితం ఉంది, తాళం బలంగా లేదు. ఆవుకు చోటు, కాగితాలకు తడవని సంచి, ఖాళీ వీధికి కాపలా ఏర్పాటు చేస్తే సగంమంది పిలవకుండానే బయలుదేరుతారు. మిగిలిన సగంమందికి తెలిసిన మనిషి వెళ్ళి చెప్పాలి. వేలూరు జిల్లాలో ఒకే వీధిలో తమిళం, తెలుగు, ఉర్దూ మాట్లాడేవారు ఉంటారు. దండోరా ఒక్క భాషలోనే వేస్తే, అర్ధరాత్రి నిద్ర లేచిన అవ్వకు అది వట్టి చప్పుడుగానే వినిపిస్తుంది.