జావా, జావాస్క్రిప్టు: పేరు దగ్గర, తీరు దూరము

ఒకే పేరు గల వస్తువులన్నియు ఒకే జాతికి చెందవలెనను నియమము లేదు. హైదరాబాదువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఇచ్చట ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నది. ఉస్మానియా ఆసుపత్రి ఉన్నది. ఇరానీ హోటలులో చాయతోపాటు ఇచ్చు ఉస్మానియా బిస్కట్టు ఉన్నది. మొదటి రెండింటికి ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు పెట్టిరి. బిస్కట్టు పేరు కూడ అచ్చటినుండియే వచ్చినదని చెప్పుదురు. అయినను బిస్కట్టు తిన్నవానికి పట్టము రాదు. పేరు ఎక్కడనుండి వచ్చినది అనునది ఒక ప్రశ్న. వస్తువు ఏ పని చేయును అనునది మరియొక ప్రశ్న.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుటకు ఉపయోగించు భాషలలో ఇట్టి జంట ఒకటి కలదు. ఒకటి జావా, రెండవది జావాస్క్రిప్టు. మొదటిది రెండవదానికి పొట్టిపేరని కొందరును, రెండవది మొదటిదానిలో ఒక భాగమని కొందరును తలచుచుందురు. రెండును నిజము కావు.

ఈ పొరపాటునకు వెల గలదు. విశ్వవిద్యాలయ ప్రాంగణము దాటి తార్నాక వీధులలోనికి పోయినచో జిల్లాలనుండి వచ్చి గదులు అద్దెకు తీసుకొని చదువుకొను పిల్లలు ఎందరో కనబడుదురు. తార్నాకలో మెట్రో ఎక్కినచో రైలు మారకుండ అమీరుపేటలో దిగవచ్చును. అచ్చట శిక్షణాలయముల బోర్డులమీద ఈ రెండు పేర్లును ప్రక్కప్రక్కనే ఉండును. ఒక భాషకు రుసుము చెల్లించి, మూడు నెలలు నేర్చుకొని, ఉద్యోగ ప్రకటనలో అడిగినది రెండవ భాష అని అప్పుడు తెలిసికొను విద్యార్థి పోగొట్టుకొనునది రుసుము మాత్రమే కాదు. ఇంటివారు పంపిన అద్దె, తిరిగిరాని కాలము కూడ పోవును. కనుక ఈ రెండింటి తారతమ్యము మొదటి పాఠముననే తెలిసికొనుట మేలు.

పేర్లు వచ్చిన విధము

అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ అను సంస్థలో 1991లో జేమ్స్ గాస్లింగ్ మొదలైనవారు ఒక కొత్త భాషను నిర్మింప మొదలిడిరి. టెలివిజను వంటి గృహోపకరణములలో అమర్చు చిన్న కంప్యూటర్లకు అది పనికిరావలెనని వారి ఉద్దేశము. అట్టి ఉపకరణములలో ఒక్కొక్క తయారీదారుడు ఒక్కొక్క రకపు గణకమును వాడును. ఒకసారి వ్రాసిన ప్రోగ్రాము అన్నింటిమీదను నడువవలెననునది వారు పరిష్కరింపదలచిన సమస్య. మొదట ఆ భాషకు 'ఓక్' అని పేరు పెట్టిరి; అది ఒక చెట్టు పేరు. ఆ పేరు అప్పటికే మరియొక సంస్థకు చెందియుండుటచే మార్చవలసి వచ్చినది. 'జావా' అనునది కాఫీకి అమెరికనుల వాడుకలోనున్న మాట. కాఫీ పండు జావా ద్వీపమునుండి ఆ మాట వచ్చినది. మన రాగిజావకును దీనికిని ఎట్టి సంబంధమును లేదు. 1995 మే నెలలో జావాను లోకమునకు ప్రకటించిరి.

సరిగా ఆ మే నెలలోనే నెట్‌స్కేప్ అను మరియొక సంస్థలో బ్రెండన్ ఐక్ అను ఆయన పది దినములలో ఇంకొక భాషకు తొలి నమూనాను సిద్ధము చేసెను. నెట్‌స్కేప్ వారిది ఇంటర్నెట్టు పుటలను చూపు బ్రౌజరు. అప్పటి పుటలు అచ్చు కాగితముల వంటివి. చదువుటకే గాని పలుకరించినచో బదులు పలుకునవి కావు. వానికి కొంత చలనము కల్పించుట ఈ కొత్త భాష పని. దాని మొదటి పేరు 'మోకా', పిమ్మట 'లైవ్‌స్క్రిప్టు'. ఆ సంవత్సరమున జావా పేరు ఎల్లరి నోటను ఉండెను. నెట్‌స్కేప్, సన్ సంస్థలు ఒప్పందము చేసికొని 1995 డిసెంబరులో 'జావాస్క్రిప్టు' అను పేరును ప్రకటించినవి. జావాకు ఇది చిన్న తోడు భాష అను భావము కలుగునట్లు ఆ పేరు కుదిరినది. అనగా ఈ పోలిక ప్రసిద్ధిని పంచుకొనుటకు పెట్టిన పేరువలన వచ్చినదే గాని, ఒక భాషనుండి రెండవ భాష పుట్టుటవలన వచ్చినది కాదు.

1997లో జావాస్క్రిప్టునకు ప్రామాణిక గ్రంథము వెలువడినపుడు, దానిలో ఈ పేరు గాక 'ఎక్మాస్క్రిప్టు' అను పేరు వాడిరి. నేటికిని ప్రామాణిక నామము అదియే. కాని వాడుకలో పాతపేరే నిలిచినది.

నడుచు చోటు వేరు

భాషల భేదము గ్రహించుటకు, వ్రాసిన ప్రోగ్రాము ఎచ్చట, ఎట్లు నడుచునో చూచుట సులభమైన మార్గము.

జావాలో వ్రాసినదానిని మొదట కంపైలరు అను ప్రోగ్రామునకు అప్పగింతుము. అది మనము వ్రాసిన దానినంతను ముందుగా చదివి, తప్పులున్నచో చూపి, లేనిచో 'బైట్‌కోడు' అను నడిమి రూపములోనికి మార్చును. ఈ బైట్‌కోడు ఏ ఒక్క యంత్రపు భాషయు కాదు. దానిని నడుపుటకు ప్రతి కంప్యూటరుమీదను 'జావా వర్చువల్ మెషిన్' అను కల్పిత యంత్రము ఉండవలెను. నిజమైన యంత్రములు పలువిధములైనను, ఈ కల్పిత యంత్రము అన్నింటిమీదను ఒకే తీరున ప్రవర్తించును. గృహోపకరణముల సమస్యకు గాస్లింగ్ బృందము కనుగొనిన సమాధానమిదియే.

జావాస్క్రిప్టు విషయము వేరు. మనము వ్రాసినది వ్రాసినట్లే పుటతోపాటు చదువరి ఫోనులోనికి వచ్చును. అతని బ్రౌజరులోనే దానిని చదివి నడుపు 'ఇంజను' ఉండును. వేరుగా ఏమియు తెచ్చి పెట్టుకొనవలసిన పని లేదు. జావా నేర్చుకొనువాడు మొదట దాని సామగ్రిని కంప్యూటరులో స్థాపించుకొనవలెను. జావాస్క్రిప్టు నేర్చుకొనువానికి బ్రౌజరు ఉన్న చాలును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. జావాను ముందుగా అనువదింతురు, జావాస్క్రిప్టును అప్పటికప్పుడు చదివి నడుపుదురు అని పాఠ్యపుస్తకములలో చెప్పుట కలదు. పూర్వము అది చాలవరకు సరియైన మాట. నేటి బ్రౌజరులలోని ఇంజనులు జావాస్క్రిప్టును కూడ నడుచుచుండగనే యంత్రభాషలోనికి మార్చి వేగము సాధించును. జావా యంత్రమును అట్లే చేయును. కనుక ఈ ఒక్క లక్షణముతోనే రెండింటిని వేరుచేయ బూనరాదు.

ఒక ఉదాహరణము చూతము. ఒక విశ్వవిద్యాలయము ఫలితములు చూపుటకు పుట తెరచినదనుకొనుడు. హాల్‌టికెట్టు సంఖ్య వ్రాయకయే మీటను నొక్కినచో, వెంటనే 'సంఖ్య వ్రాయుడు' అని ఎఱ్ఱని అక్షరములు కనబడును. ఈ బదులు సాధారణముగ మన ఫోనులోనే, జావాస్క్రిప్టు చేత పుట్టును. సంఖ్య వ్రాసి పంపినపుడు అది దూరముననున్న సర్వరు కంప్యూటరునకు చేరును. అచ్చట లక్షలాది మార్కులలో మనవి వెదకి పంపు ప్రోగ్రాము జావాలో వ్రాసినది కావచ్చును. బ్యాంకులు, పెద్ద కార్యాలయములు ఇట్టి పనులకు జావాను విస్తారముగ వాడుచున్నవి.

మన చేతిలోనున్న బ్రౌజరులో నడుచుదానిని మనమే మార్చివేయవచ్చును. కావుననే హాల్‌టికెట్టు సంఖ్య సరియైనదా కాదా అను పరీక్షను సర్వరు తిరిగి చేసికొనక తప్పదు. బ్రౌజరులోని పరీక్ష మన సౌకర్యమునకు. సర్వరులోని పరీక్ష సత్యమునకు.

ఈ హద్దు శాశ్వతము కాదు. 2009లో రయన్ డాల్ 'నోడ్' అనుదానిని ప్రకటించిన పిమ్మట జావాస్క్రిప్టు బ్రౌజరు గడప దాటి సర్వరులలోనికిని ప్రవేశించినది. జావాయు ఒకప్పుడు 'యాపిలెట్టు' అను రూపమున బ్రౌజరులలో నడిచినది. బ్రౌజరులు క్రమముగ దానిని విడిచినవి. 2017లో వెలువడిన జావా 9లో యాపిలెట్లు విడనాడదగినవని ప్రకటించిరి.

లెక్కలో భేదము

రెండు భాషలును ఒకే లెక్కకు రెండు సమాధానములిచ్చు సందర్భములు కలవు. ఒక విద్యార్థికి రెండు పరీక్షలలో కలిపి 79 మార్కులు వచ్చినవి. సగటు కావలెను. అనగా 79 / 2. జావాస్క్రిప్టు 39.5 అని చెప్పును. జావాలో రెండింటిని పూర్ణాంకములుగా వ్రాసినచో 39 అని మాత్రమే చెప్పును. పూర్ణాంకమును పూర్ణాంకముతో భాగించినచో ఫలితమును పూర్ణాంకమే కావలెననుట జావా నియమము. మిగిలిన అరను అది వదలివేయును. అర మార్కును పైకి సవరించి 40 చేయు పద్ధతి ఉన్నచోట, ఆ విద్యార్థి ఒక లెక్కలో ఉత్తీర్ణుడు, మరియొక లెక్కలో కాడు. జావాలో ఒక సంఖ్యను దశాంశ సంఖ్యగా ప్రకటించినచో 39.5 వచ్చును. తప్పు భాషది కాదు. ఒక భాష అలవాటును రెండవదానికి అంటగట్టినవానిది.

దీనికి కారణము లోతైన భేదమొకటి. జావాలో ప్రతి పాత్రకును ముందుగనే చీటి అంటింపవలెను: ఇందులో పూర్ణాంకము, ఇందులో దశాంశ సంఖ్య, ఇందులో అక్షరములు అని. పూర్ణాంకపు పాత్రలో అక్షరములు పోయబోయినచో కంపైలరు ప్రోగ్రామును నడువనీయదు. జావాస్క్రిప్టులో పాత్రకు చీటి లేదు. ఇప్పుడు సంఖ్యను, మరుక్షణము అక్షరములను అదే పాత్రలో ఉంచవచ్చును. ఇది త్వరగా వ్రాయుటకు అనుకూలము, తప్పులు దాగుటకును అనుకూలము. పుటలోని గడిలో మనము వ్రాసిన 500 అక్షరరూపమున వచ్చును. దానికి 50 రూపాయల ఆలస్యరుసుము కలుపుమన్నచో జావాస్క్రిప్టు రెండింటిని ప్రక్కప్రక్కన అతికించి 50050 అనును. అదే 500 నుండి 50 తీసివేయుమన్నచో అక్షరములను సంఖ్యగా మార్చుకొని 450 అని సరిగా చెప్పును! జావాలోను అక్షరములకు సంఖ్యను కలిపినచో అతుకుటయే జరుగును. కాని ఆ ఫలితమును సంఖ్య పాత్రలో ఉంచుటకు కంపైలరు ఒప్పదు. తీసివేతకైతే అసలే ఒప్పదు.

పెద్ద సంఖ్యలయందును జాగ్రత్త కావలెను. జావాలో మామూలు పూర్ణాంకపు పాత్ర 2147483647 వరకే పట్టును. 9తో మొదలగు పదంకెల ఫోను సంఖ్య దానిలో పట్టదు. అందుకు పెద్ద పాత్ర ఎన్నుకొనవలెను. జావాస్క్రిప్టులో ఆ సంఖ్య సులువుగా పట్టును. కాని దాని మామూలు సంఖ్యలు 9007199254740991 దాటిన పిమ్మట పూర్ణాంకములను ఒక్కొక్కటిగ గుర్తింపలేవు.

పైపోలిక ఎందుకు?

ఇంత భేదమున్నను రెండు భాషల ప్రోగ్రాములను ప్రక్కన పెట్టి చూచినచో ఒకే లిపివలె తోచును. మెలికల బ్రాకెట్లు, వాక్యాంతమున సెమికోలను, 'ఇఫ్', 'ఫర్', 'వైల్' అను మాటలు రెండింటను ఉన్నవి. ఇవి సి భాషా సంప్రదాయమునుండి వచ్చిన సొత్తు. లోపలి భావములలో జావాస్క్రిప్టు 'స్కీమ్', 'సెల్ఫ్' అను వేరు భాషలకు ఋణపడియున్నది. జావాలో సాధారణముగ 'క్లాస్' అను అచ్చుతోనే ప్రోగ్రాము వ్రాయుదురు. జావాస్క్రిప్టులో ఆ మాట 2015 ప్రమాణములో గాని చేరలేదు. అది లేకయే ప్రోగ్రాము వ్రాయవచ్చును. తెలుగు, కన్నడ లిపులు చూపునకు దగ్గరగనున్నను, ఒకటి చదువ వచ్చినంత మాత్రమున రెండవదాని అర్థము తెలియదు గదా! ఇదియు అట్టిదే.

విద్యార్థి అడుగవలసినవి

రుసుము చెల్లించుటకు ముందు మూడు సంగతులు విచారింపుడు. మొదటిది, వ్రాయు ఫైలు పేరు తుది ఏమి? 'డాట్ జావా' అయినచో జావా, 'డాట్ జేఎస్' అయినచో జావాస్క్రిప్టు. రెండవది, పాఠ్యప్రణాళికలో తోడుగ ఏమున్నవి? 'స్ప్రింగ్', 'హైబర్నేట్' అను పేర్లు జావా కుటుంబమునకు చెందినవి. 'రియాక్ట్', 'యాంగ్యులర్', 'నోడ్' అనునవి జావాస్క్రిప్టు వైపువి. మూడవది, 'జావా ఫుల్ స్టాక్' అని బోర్డుమీద ఉన్నచో సర్వరు పనికి జావాను, పుట పనికి జావాస్క్రిప్టును రెండును చెప్పుట సాధారణము. అట్టిచోట ఏది ఎన్ని వారములు చెప్పుదురో స్పష్టముగ అడుగుడు. "ఇది జావాయేనా, సార్?" అని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు, ఆ ప్రశ్నకు సూటిగ జవాబు చెప్పలేని చోట చేరకుండుటయే క్షేమము.

ఏది ముందు నేర్చుకొనవలెను? కంటికి కనబడు పుటలు, వాని కదలికలు మీకు ప్రీతియైనచో జావాస్క్రిప్టుతో మొదలిడుడు. ఫలితము వెంటనే బ్రౌజరులో కనబడి ఉత్సాహము కలుగును. పెద్ద సంస్థల సర్వరు వ్యవస్థలు మీ లక్ష్యమైనచో జావాతో మొదలిడుడు. చీటీలు అంటించు క్రమశిక్షణ తొలుత కష్టమనిపించినను, తప్పును ముందుగనే పట్టించును. ఒకటి బాగుగ వచ్చినవానికి రెండవది నేర్చుట సులభమగును. షరతు, ఆవృత్తి, ప్రమేయము అను మూల భావములు ఎచ్చటికైనను వెంటవచ్చును. నియమములు మాత్రము వెంటరావు. వానిని ఏ భాషకు ఆ భాషలోనే, 79ని 2తో భాగించి చూచినట్లు, స్వయముగ పరీక్షించి తెలిసికొనవలెను.