టూర్మలిన్ ఖనిజముల రసాయన సంఘటనము

టూర్మలిన్ అనునది బోరాన్ మూలకమును కలిగిన సంక్లిష్ట సిలికేట్ ఖనిజముల సముదాయము. ఈ ఖనిజములలో ఏ మూలకములు ఎంత పాళ్ళలో ఉండునన్నది అవి పెరిగిన చోటనున్న పీడనము, ఉష్ణోగ్రత, ప్రవాహులు, చుట్టునున్న శిల అను నాలుగింటిపై ఆధారపడి ఉండును. అందువలన భూగర్భ శాస్త్రవేత్తలు టూర్మలిన్‌ను శిలల పూర్వచరిత్రను తెలుపు ఆధారముగా పరిగణింతురు.

పేరు

టూర్మలిన్ అను పేరు సింహళ భాషలోని తోరమల్లి అను పదము నుండి వచ్చినది. 18వ శతాబ్ది ఆరంభములో డచ్చి వర్తకులు ఈ రాళ్ళను శ్రీలంక నుండి ఐరోపాకు కొనిపోయిరి. వేడి చేసినపుడు విద్యుదావేశము పొంది బూడిదను ఆకర్షించుట వలన వారు దీనిని 'బూడిదను లాగునది' అని పిలిచిరి.

నిర్మాణము

ఆరు సిలికా చతుర్ముఖులు కలిసి వలయముగా ఏర్పడుట దీని నిర్మాణములోని ముఖ్య లక్షణము. బోరాన్ పరమాణువు సాధారణముగా మూడు ఆక్సిజన్ పరమాణువుల నడుమ ఉండును. వలయమునకు చేరువనున్న పెద్ద స్థానములో సోడియం, కాల్షియం లేదా అరుదుగా పొటాషియం చేరును. ఒక్కొక్కపుడు అది ఖాళీగా ఉండును. మిగిలిన స్థానములలో ఇనుము, మెగ్నీషియం, లిథియం, మాంగనీసు, అల్యూమినియం చేరును. ఇనుము అధికముగా ఉన్న నల్లని రకము షోర్ల్. మెగ్నీషియం రకమునకు ద్రావా నది పేరిట డ్రావైట్ అనియు, లిథియం రకమునకు ఇటలీలోని ఎల్బా దీవి పేరిట ఎల్బైట్ అనియు పేర్లు కలవు. నెల్లూరు అభ్రక మండలములోని పెగ్మటైట్ శిలలలో నల్లని టూర్మలిన్ లభించును.

ఉష్ణోగ్రత ప్రభావము

బంకమన్ను నుండి ఏర్పడిన రూపాంతర శిలలలో, తక్కువ ఉష్ణోగ్రత వద్ద పెరిగిన టూర్మలిన్‌లో పెద్ద స్థానములు ఎక్కువగా ఖాళీగా ఉండును. ఉష్ణోగ్రత పెరిగిన కొలది ఆ ఖాళీలు తగ్గును. స్ఫటికము రెండు కొనలు ఒకే కాలమున పెరిగినను వాటి సంఘటనము వేరుగా ఉండును. ఉష్ణోగ్రత హెచ్చినచో ఈ భేదము తగ్గును. ఒకసారి చేరిన మూలకములు స్ఫటికములో మిక్కిలి నెమ్మదిగా కదలును. కావున చెట్టు కాండములోని వలయములవలె పెరుగుదల పొరలు చెదరక నిలుచును.

పీడన ప్రభావము

ఒక గిగాపాస్కల్ పీడనము సుమారు 10,000 వాతావరణ పీడనములకు సమానము. ఇది భూమిలో సుమారు 35 కిలోమీటర్ల లోతున ఉండును. పీడనము పెరిగినచో, సోడియం కంటె పెద్దదగు పొటాషియం అయాను స్ఫటికములో చేరుట సులభమగును. సిలికాన్ స్థానములో కొంత బోరాన్ చేరుటకును అధిక పీడనము, తక్కువ ఉష్ణోగ్రత అనుకూలములు.

ప్రవాహుల పాత్ర

బోరాన్ నీటిలో కరిగి శిలల గుండా పయనించును. ఆమ్ల లేదా తటస్థ ప్రవాహులలో టూర్మలిన్ స్థిరముగా ఉండును. క్షార ప్రవాహులలో బోరాన్ నాలుగు ఆక్సిజన్‌లతో బంధము ఏర్పరచుకొనుట వలన ఈ ఖనిజము సాధారణముగా ఏర్పడదు. ప్రవాహిలో సోడియం అధికమైనచో స్ఫటికములోను అధికమగును. బోరాన్‌కు 10, 11 ద్రవ్యసంఖ్యలు గల రెండు స్థిర ఐసోటోపులు కలవు. సముద్రజలములో భారమైన ఐసోటోపు పాలు భూఖండ శిలలలో కంటె ఎక్కువ. కావున ఈ నిష్పత్తి ప్రవాహి ఎచ్చటి నుండి వచ్చినదో సూచించును.

కోక్చెటావ్ ఉదాహరణ

ఉత్తర కజకస్తాన్‌లోని కోక్చెటావ్ శిలలు ఒకప్పుడు భూమి పైపొరకు చెందినవే. అవి వజ్రములు ఏర్పడునంత లోతునకు, అనగా 100 కిలోమీటర్లకు మించి దిగి, మరల పైకి వచ్చినవి. అచ్చటి టూర్మలిన్‌లో పొటాషియం అధికముగా ఉన్న మధ్యభాగమున సూక్ష్మ వజ్రములు కనిపించినవి. పొటాషియం తక్కువగా ఉన్న వెలుపలి పొరలో అవి లేవు. మధ్యభాగము లోతున, వెలుపలి పొర శిల పైకి వచ్చునపుడు పెరిగినవని దీనివలన గ్రహించిరి. ఈ పొటాషియం రకమును 2016లో మరుయమైట్ అను పేర వర్ణించిరి.

అయినను పొటాషియం పీడనమునకు మాత్రమే గుర్తు కాదు. పీడనము ఎంత ఉన్నను, ప్రవాహిలో తగినంత పొటాషియం లేనిచో అది స్ఫటికములో చేరదు. వజ్రములు తోడుగా ఉండుట వలననే ఇచ్చట లోతును నమ్మకముగా చెప్పగలిగిరి. కావున ఒక్క మూలకపు పాలును బట్టి నిర్ణయింపక, తోడి ఖనిజములను, ఐసోటోపులను, చుట్టునున్న శిలను కూడ పరిశీలింపవలెను.